వానకు మూసుకునే కన్ను

మా బావ శార్షెన్‌కి ఏ వస్తువునైనా దాని మానాన దాన్ని ఉండనివ్వడం చేతకాదు. మీగడ తీసే యంత్రానికి సైకిల్ పెడల్ బిగించాడు. కోడిపిల్లల పెట్టెలో ట్రాక్టరు దీపం పెట్టాడు. మా అక్క సాలీకా కుట్టుమిషన్‌ని విప్పి, మళ్లీ బిగించి, చివరికి రెండు మరలు మిగిల్చి, "ఇవి ఫ్యాక్టరీవాళ్లు అనవసరంగా పెట్టారు" అన్నాడు. ఆ మిషన్ ఇప్పటికీ నడుస్తోందన్నది వేరే సంగతి. ఊళ్లో అందరూ అతన్ని నవ్వుతాలుకి ప్రొఫెసర్ అంటారు. నేను అతని భార్య చెల్లెల్ని. బావని ఆటపట్టించడం మాలో మరదలి హక్కు కాబట్టి ఇంకాస్త ఘాటుగానే అంటాను.

"బావా, నీ బుర్రకి కూడా ఓ మూత చేసి పెట్టుకో. వానకి తడిసి తుప్పు పడుతోంది."

"చేస్తాలే మరదలా. ముందు నీ నోటికి పెట్టి, పనిచేస్తుందో లేదో చూసి, తర్వాత నాకు పెట్టుకుంటా."

నా పేరు బురుల్చా. అత్‌బాషీ దగ్గర మా ఊరి బడిలో ముప్పై ఏళ్లుగా భౌతికశాస్త్రం చెబుతున్నాను. పిల్లలు నాకు భయపడతారు, పెద్దలు నన్ను చూసి దారి మారుస్తారు. ఎవరి తప్పయినా కనబడితే ఊరుకునే రకం కాదు నేను. అలాంటిదాన్ని, నోరు తెరవాల్సిన ఒక్క రోజున తెరవలేదు. అందుకే ఇదంతా చెబుతున్నాను.

ఏడేళ్ల కిందటి వేసవి. గొర్రెల్ని తోలుకుని అందరం మేత కొండలెక్కాం. గుడారం నడినెత్తిన పొగ పోయే గుండ్రటి కన్ను ఉంటుంది. ఎండ అక్కడినుంచే దిగుతుంది, వానా అక్కడినుంచే దిగుతుంది. మబ్బు పట్టగానే ఇంటి ఆడది బయటికి పరిగెత్తి, తాడు లాగి, ఉన్ని మూతని కన్ను మీదికి జరపాలి. ఆ పని ఆడదానిదే. ఎందుకని ఎవరూ అడగరు, నేనూ అడగలేదు. ఓ మధ్యాహ్నం వడగళ్లు పడ్డాయి. అక్క పరిగెత్తింది. తడిసిన తాడు చేతిలో జారింది, వడగళ్ల మీద కాలు జారింది, వెళ్లి బండ మీద పడింది. తుంటి విరిగింది. ఆ రోజు నుంచి చేతికర్ర లేకుండా గడప దాటలేదు.

అక్క పడ్డప్పుడు బావ గుడారంలోనే ఉన్నాడు. టీ తాగుతున్నాడు.

ఈ సంగతి అతను నాతో ఒక్కసారే అన్నాడు. "ధబ్బుమని చప్పుడు విన్నాను బురుల్చా. విని, గిన్నెలో మిగిలిన గుక్క తాగి, అప్పుడు లేచాను." అని, లేచి వెళ్లిపోయాడు. నా జవాబు కోసం ఆగలేదు.

తర్వాత నాలుగేళ్లు ఆ కన్ను చుట్టూనే తిరిగాడు. గిలకలు పెట్టాడు, స్ప్రింగులు పెట్టాడు, ఒకసారి మోటారు కూడా పెట్టాడు, అది కాలిపోయింది. చివరికి దొరికింది మాత్రం పచ్చితోలు. పచ్చితోలు ఎండితే బిగుస్తుంది, తడిస్తే సాగుతుంది. మా కాపరులందరికీ ఇది తెలుసు. వానలో జీనుపట్టీ సాగిపోతే బూతులు తిడతారు. బావ ఒక్కడే తిట్టకుండా ఆలోచించాడు. పల్చగా గీకిన తోలు పట్టీని కన్ను అంచున బిగించాడు. మూతని వెనక్కి పట్టుకునే కొక్కేన్ని ఆ పట్టీ లాగి ఉంచుతుంది. వాన పడితే పట్టీ వదులవుతుంది, కొక్కెం జారుతుంది, గుడారం అవతల వేలాడే ఇసుకసంచి కిందికి దిగుతూ మూతని కన్ను మీదికి లాగేస్తుంది. కరెంటు అక్కర్లేదు, మనిషి అక్కర్లేదు. వానే వచ్చి తలుపు వేసుకుంటుంది.

బొమ్మలన్నీ ఒక నోటుపుస్తకంలో గీసి నా దగ్గరికి తెచ్చాడు. నేను తప్పులు దిద్దాను. బడిలో విజ్ఞాన సంఘం పుస్తకాలకి వేసినట్టే పేజీ పేజీకి బడి ముద్ర వేసి, తేదీ రాసి, సంతకం పెట్టాను. పెద్ద ఆలోచనతో చేసిన పని కాదది. కాగితం కనబడితే ముద్ర వేసే జబ్బు నాకుంది. మొదటి పేజీలో అతను "సాలీకా మూత" అని రాశాడు.

"నా పేరెందుకు? నేను చేసిందేముంది, పడ్డానంతే" అంది అక్క.

"నువ్వు పడకపోతే నాకు తట్టేది కాదుగా" అన్నాడు బావ. అక్క చేతికర్రతో అతని మోకాలి మీద ఒక్కటిచ్చింది. ఇద్దరూ నవ్వారు. అక్క పడ్డాక ఆ ఇంట్లో నవ్వు వినడం నాకదే మొదలు.

ఆ జూలైలో కొండ మీద విందు పెట్టారు. మాలో కొత్తదాన్ని ఊరికే చూడకూడదు. కొత్త కోడలైనా, పుట్టిన బిడ్డైనా, కొత్త మోటారుబండైనా, చూసినవాళ్లు చూపుకానుక పెట్టాలి. పెట్టనివాడి కన్ను మంచిది కాదంటారు. కొత్తదాన్ని చూపకుండా దాచుకునే ఇంటికి మాత్రం ఇంకా చెడ్డ పేరు. అందుకని గుడారం ముందు వరస కట్టారు. ఊళ్లో అందరికంటే పెద్దది తుర్గన్ అవ్వ వరసలో ముందు నిలబడింది.

"జరగండెహె. పెద్దముండని నేనుండగా మీరు ముందు చూస్తే కళ్లు పోతాయి" అని అందరినీ మోచేత్తో నెట్టింది. చేతిలో ఏమీ లేదని అప్పుడు గుర్తొచ్చింది. పెళ్లినాటి కోటుకున్న రెండో వెండి గుండీని పళ్లతో కొరికి తెంపి, బావ అరచేతిలో పెట్టింది. "ఇంక పొయ్యరా నీళ్లు."

బావ నిచ్చెనెక్కి కెటిల్‌తో నీళ్లు పోశాడు. లోపల తలలన్నీ పైకెత్తి చూస్తున్నాం. వంద లెక్కపెట్టేలోగా టక్కుమంది, మూత సర్రున జరిగి కన్ను మూసేసింది. లోపల చీకటైంది. ఆ చీకట్లో అవ్వ గొంతు వినబడింది: "ఓరి నీ దుంపతెగ, వానకే బుద్ధొచ్చిందిరా!"

ఆ రోజు నలభై మంది పైగా చూశారు, నలభై మంది పైగా పెట్టారు. అందరికంటే పెద్ద కానుక ఎర్మెక్‌ది. అతను రాజధాని బిష్కెక్‌లో విదేశీయుల కోసం గుడారాలు చేయించి అమ్మే కార్ఖానా యజమాని. ఉన్ని బేరానికి వచ్చి విందులో కూర్చున్నాడు. మూత మూసుకోవడం మూడుసార్లు చేయించుకుని చూశాడు. మణికట్టు మీది గడియారం విప్పి బావ చేతికి తానే తొడిగాడు. "అన్నా, నువ్వు కొండ మీద పుట్టాల్సినవాడివి కాదు" అన్నాడు. బావ పొంగిపోయాడు. నేనూ పొంగిపోయాను, అబద్ధమెందుకు.

విందు తర్వాత రెండో చలికాలంలో అత్‌బాషీ సంతలో రంగు కాగితాలు పంచారు. ఎర్మెక్ కార్ఖానావి. గుడారం బొమ్మ, పైన వాన, వానలో తనంతట తాను మూసుకుంటున్న కన్ను. కింద చిన్న అక్షరాల్లో, పేటెంటుకి దరఖాస్తు పెట్టామని, ఆవిష్కర్త ఎర్మెక్ అని. దరఖాస్తు తేదీ చూస్తే మా విందు జరిగిన పదిహేను నెలలకి.

బావ ఆ కాగితం పట్టుకుని మా ఇంటికొచ్చాడు. అరవలేదు. "బురుల్చా, ఇందులో కొక్కెం ఎడమ వైపుంది చూడు. కుడి వైపుంటేనే బాగా జారుతుంది. కాపీ కొట్టడం కూడా సరిగ్గా రాలేదు వీడికి" అన్నాడు. ఆ కాగితాన్ని నలగకుండా మడిచి జేబులో పెట్టుకోవడం చూసి నాకు ఒళ్లు మండిపోయింది. ఆ వారమే పేటెంటు ఆఫీసుకి అభ్యంతరం రాశాను: ఇది మాది, ఆ దరఖాస్తు మా పేరున మార్చండి, ఆవిష్కర్తలు సాలీకా, శార్షెన్ అని. అక్క పేరు ముందు రాయమన్నది బావే.

"మగాళ్లంతా నవ్వుతారు" అంది అక్క.

"నవ్వనీ. నీ తుంటి విరిగితే నేను చేయగలిగింది ఇదొక్కటే. అది కూడా చెయ్యకపోతే మొహమెక్కడ పెట్టుకోను?"

అప్పటికి నాకు అర్థమైంది. ఆ కాగితం అతనికి గొప్ప కోసం కాదు. ప్రభుత్వం ముద్ర వేసి, దేశచిహ్నం గద్ద బొమ్మ వేసి ఇచ్చే కాగితం మీద అక్క పేరు ముందుంటే, ఆ గుక్కెడు టీ బాకీ కాస్తయినా తీరుతుందనుకున్నాడు.

విచారణకి నెల ముందు ఎర్మెక్ కారేసుకుని ఊరొచ్చాడు. గొర్రెపిల్లని తెచ్చాడు, చక్కెర తెచ్చాడు.

"అన్నా, గొడవెందుకు? అభ్యంతరం వెనక్కి తీసుకో. నీ పేరు నా పేరు కింద రాయిస్తాను."

"సాలీకా పేరు?"

ఎర్మెక్ నవ్వాడు. "వదినకి పేటెంటెందుకన్నా? మంచి కుర్చీ కొనిద్దాం."

బావ గొర్రెపిల్లని తాడుతో సహా కారు వెనక సీట్లో కూర్చోబెట్టి తలుపు వేశాడు. అది సీటు పాడుచేసిందని ఊరంతా వారం రోజులు నవ్వుకున్నారు.

ఏప్రిల్‌లో విచారణ. ముందు రోజు బిష్కెక్ చేరి మా పినతండ్రి కూతురింట్లో దిగాం, బావ, అక్క, నేను. సాయంత్రం అందరూ టీ తాగుతుంటే నేను చట్టం పుస్తకం ఇంకోసారి తిరగేశాను. అంతకుముందు చదవలేదా అంటే చదివాను. నాకు కావలసిన పేజీలు చదివాను. పిల్లలు పరీక్షకి చదివినట్టు చదివినందుకు ఇప్పుడు నన్ను నేను ఏమని తిట్టుకోను?

అక్కడ స్పష్టంగానే ఉంది. కొత్తదై ఉండాలి. చేసినవాడు నలుగురికీ చూపితే, చూపిన రోజు నుంచి ఏడాదిలోగా దరఖాస్తు పెట్టుకోవాలి. ఏడాది దాటితే అది ఇంక కొత్తది కాదు, ఎవరి పేరునా పేటెంటు ఇవ్వరు. ఎర్మెక్ దరఖాస్తే పదిహేను నెలలకి పెట్టాడు. దాన్ని మా పేరున మార్చినా తేదీ అదే. విందు సంగతి బయటికొస్తే వాడికీ లేదు, మాకూ లేదు.

"బావా, ఆ గడియారం తీసెయ్" అన్నాను.

"ఎందుకు? టైం బాగానే చెప్తోందిగా."

పుస్తకం చదివి వినిపించాను. అతను ఆ పుస్తకం తీసుకుని తానూ చదివాడు. "మరి ఎర్మెక్ నా దగ్గర చూశాడని ఎట్లా చెప్పాలి?"

"ఇంటికొచ్చిన అతిథి, ఇంట్లో చూశాడు, అంతే. అతిథికి చూపడం ఊరికి చూపడం కాదు. బడి ముద్రలున్న పుస్తకం మన దగ్గరుంది. విందు మాట ఎత్తకు. వాడు కూడా ఎత్తడు, ఎత్తితే వాడికీ పోతుంది."

"అంటే చూపుకానుకలు పెట్టినవాళ్లెవరూ పెట్టనట్టా?"

"ఒక్క పూటకి బావా."

గడియారం తీశాడు. ఎండకి కమిలిన మణికట్టు మీద తెల్లటి చార మిగిలింది. అక్క గోడ వైపు చూస్తూ, "నాకిది నచ్చలేదే" అంది. నాకూ నచ్చలేదు. కానీ ముందు నుయ్యి, వెనక గొయ్యి.

మర్నాడు పొద్దున పేటెంటు కార్యాలయం ముందుకి వెళ్లేసరికి మా ఊరి వ్యాను ఆగి ఉంది. తెల్లటి తలగుడ్డలు చుట్టుకున్న ఆడవాళ్లు, ఉన్ని టోపీల మగవాళ్లు దిగుతున్నారు, పద్నాలుగు మంది. సంచుల్లో నూనెలో వేయించిన బొర్సోకు రొట్టెలు, సీసాల్లో పులిసిన గుర్రప్పాలు. ముసలాళ్లకి అంత దూరం ఎందుకులే, సాక్ష్యానికి రావద్దని నేను ఊళ్లో చెప్పే వచ్చాను. వస్తే ఏం ముంచుకొస్తుందో అప్పటికి నాకే తెలియదు. కొండ దారిలో ఏడు గంటలు కూర్చుని వచ్చిన తుర్గన్ అవ్వ నడుం పట్టుకుని నిలబడి నన్ను తిట్టింది.

"ఏమే టీచరమ్మా, మమ్మల్ని రావొద్దంటావా? మా వోణ్ణి పట్నపోళ్లు తినేస్తా ఉంటే కొండ మీద కూసోని గోళ్లు గిల్లుకోమంటావా?"

"అది కాదవ్వా..."

"నోర్ముయ్. బొర్సోకు తిను."

విచారణకి ఇంకా అరగంట ఉంది. చెప్పొచ్చు. అవ్వా, నువ్వు ఆ రోజు ఏమీ చూడలేదను, ఏమీ పెట్టలేదను అని చెప్పొచ్చు. ఎనభై రెండేళ్ల మనిషిని అబద్ధం చెప్పమనాలి. అది కూడా ఎలాంటి అబద్ధం? పెట్టిన చూపుకానుకని పెట్టలేదనడమంటే ఇచ్చిన దీవెనని వెనక్కి లాక్కోవడమే మాలో. మా నానమ్మ ఒడిలో కూర్చుని అన్నం తిన్నదాన్ని, ఆ మాట నా నోట్లోంచి ఎట్లా వస్తుంది? లోపల వీళ్లని ఎవరూ అడగరులే అనుకున్నాను. టీ తెస్తానని పక్కకి వెళ్లాను. అరగంట ఆ టీ కొట్టు దగ్గరే గడిపాను. పిరికిదాన్ని.

మొదట్లో అంతా మేం అనుకున్నట్టే జరిగింది. బోర్డులో ముగ్గురు సభ్యులు, మధ్యలో అధ్యక్షురాలు, నా వయసే ఉంటుంది, నెమ్మదైన మనిషి. ఎర్మెక్ లాయరు, తన క్లయింటు ఉన్ని కొనడానికి మాత్రమే ఆ కొండకి వెళ్లాడని, టీ తాగి వచ్చాడని, ఏమీ చూడలేదని చెప్పాడు. అధ్యక్షురాలు మా నోటుపుస్తకం తిరగేసింది. ముద్రలు చూసింది, తేదీలు చూసింది. ఎర్మెక్‌ని అడిగింది: "కొక్కెం ఎడమ వైపెందుకు పెట్టారు?"

"అందం కోసం" అన్నాడు ఎర్మెక్.

బావని అదే అడిగింది. అతను లేచి, గాల్లో చేతులతో కన్ను గీసి, ఇసుకసంచి బరువెటు లాగుతుందో, తడిసిన తోలు ఎటు సాగుతుందో, ఎడమకి పెడితే పదిలో మూడుసార్లు ఎందుకు ఇరుక్కుంటుందో చెప్పాడు. మనిషి వెలిగిపోయాడు. సభ్యులు ముగ్గురూ రాసుకోవడం మానేసి విన్నారు. అధ్యక్షురాలు పక్కవాళ్లతో గుసగుసలాడి అంది: "అసలు ఆవిష్కర్తలు ఎవరో బోర్డుకి స్పష్టంగానే ఉంది. దరఖాస్తు సాలీకా, శార్షెన్ పేర్ల మీదికి మార్చే దిశగా ఆలోచిస్తున్నాం. ముగించే ముందు, ఎవరైనా ఏమైనా చెప్పాలా?"

అది రివాజుగా అడిగే మాట. ఎవరూ జవాబివ్వరు. అక్క నా చెయ్యి పట్టుకుంది.

"నేను చెప్పాల" అని వెనక నుంచి తుర్గన్ అవ్వ లేచింది.

నేను వెనక్కి తిరిగి తల అడ్డంగా ఊపాను. కళ్లు పెద్దవి చేశాను. బడిలో అయితే ఆ చూపుకి తరగతి మొత్తం కూర్చుంటుంది. అవ్వ నాకేసి చూడనేలేదు.

"ఆ లాయరు బాబు, ఈ ఎర్మెక్ ఏమీ సూడలేదన్నాడు. అబద్ధం. నా పక్కనే నిలబడి సూసినాడు. మూడు తూర్లు నీళ్లు పోయించుకోని సూసినాడు. గడియారం పెట్టినాడు సూపుకానుక. ఒరే శార్షెన్, ఏదిరా ఆ గడియారం? సేతికి లేదే?"

బావ మణికట్టు మీద రెండో చెయ్యి వేసుకున్నాడు, తేలు కుట్టిన దొంగలా.

అధ్యక్షురాలి మొహం మారింది. ఆవిడకి అర్థమైంది. "అవ్వా, అక్కడ మీరిద్దరే ఉన్నారా?" అని అడిగింది. ఆ గొంతులో, అవునని చెప్పమన్నట్టు ఏదో ఉంది. నేను ఊహించుకున్నానేమో.

"ఇద్దరమా? ఊరూరంతా ఉంటే! మొదట సూసింది నేను. ఎండిగుండీ పెట్టినా."

"నేను జీనుబట్ట పెట్టాను" అని ఓ పెద్దాయన లేచాడు.

"మేం గొర్రెపిల్లనిచ్చాం."

"గొర్రెపిల్లనా? ముసలి మేకనిచ్చి ఇప్పుడు గొర్రెపిల్లంటావేంటే, గవర్నమెంటు ముందు?"

"నీ కళ్లు ముసలివి, నా మేక కాదు!"

"చూశారా, మేకే!"

గది నవ్వులతో నిండిపోయింది. గుమాస్తా కూడా నవ్వుతూనే రాసుకుంటున్నాడు. ఒకరి తర్వాత ఒకరు లేచారు, ఏ రోజో, ఏ వేళో, ఏం పెట్టారో చెప్పారు. మాకు మేలు చేస్తున్నామనే ఉత్సాహం ఒక్కొక్కరి మొహంలో. తేదీ మరిచిపోతారేమోనని ఒకరికొకరు అందించుకున్నారు. ప్రేమతో మనిషిని ఇంత నిలువునా నరకొచ్చని నాకు తెలియదు. ఎర్మెక్ లాయరు మొదట కాగితాలు వెతుక్కున్నాడు, తర్వాత వెతకడం మానేసి కలం మూత పెట్టాడు.

అధ్యక్షురాలు అందరినీ కూర్చోమంది. బావ వైపు తిరిగింది. "శార్షెన్ గారూ, ఆలోచించి చెప్పండి. వీళ్లు పెద్దవాళ్లు. రెండేళ్లు కావస్తోంది. వేరే ఏడాది సంగతో, వేరే వస్తువు సంగతో కలిపి చెబుతూ ఉండొచ్చు. మీరు ఆ జూలైలో దీన్ని ఊరందరికీ చూపించారా?"

ఆవిడ తలుపు తీసి పెట్టింది. లేదు అంటే చాలు. ముసలాళ్లు పొరబడ్డారంటే చాలు. బావ అక్కవైపు చూశాడు. తర్వాత అవ్వవైపు. అవ్వ అదే పాత కోటు వేసుకుంది. రెండో గుండీ ఉండాల్సిన చోట పిన్నీసు పెట్టుకుంది. అతనికి సాయం చేశానన్న గర్వంతో గడ్డం పైకెత్తి కూర్చుంది.

నేను మనసులో అరిచాను, లేదను బావా, లేదను, ఆవిడకి తర్వాత కాళ్లు పట్టుకుని చెప్పుకుందాం అని. సిగ్గు లేకుండా అరిచాను.

"అవ్వ అబద్ధం చెప్పదండీ. మొదట చూసింది ఆవిడే. అందరూ చూశారు. నేనే పిలిచి చూపించాను" అన్నాడు బావ.

అరగంటకి నిర్ణయం చదివారు. మొదటి వాక్యం ఎర్మెక్ గురించి: అతని దరఖాస్తు తిరస్కరించడమైనది. అంతే, మా వాళ్లు లేచి కేకలు పెట్టారు, టోపీలు ఎగరేశారు, ఆడవాళ్లు ఒకరినొకరు వాటేసుకుని ఏడ్చారు. గుమాస్తా వచ్చి బతిమాలి అందరినీ బయటికి పంపి తలుపు మూశాడు. మావాళ్లలో రెండో వాక్యం విన్నది మేం ముగ్గురమే. ఈ మూత ఇప్పటికే బహిరంగంగా తెలిసినది కనుక ఎవరి పేరునా పేటెంటు ఇవ్వడం కుదరదు. చదివాక అధ్యక్షురాలు కళ్లజోడు తీసి, "చాలా మంచి ఆలోచన అది. నిజంగా" అంది. బావ ఆవిడకి కృతజ్ఞతలు చెప్పాడు. ఎందుకు చెప్పాడో నాకు తెలియదు.

వరండా మలుపులో ఎర్మెక్ ఎదురయ్యాడు. వాడి మొహంలో ఓడిన కళ లేదు.

"అన్నా, మీ ఊరివాళ్లకి నా తరపున దండం పెట్టు. ఇంక కాగితం ఎవరికీ అక్కర్లేదు కదా, ఎవరైనా చేసుకోవచ్చు. నాకు కార్ఖానా ఉంది, నలభై మంది పనివాళ్లున్నారు. నీకు గొడ్డలి, సుత్తి ఉన్నాయి."

"కొక్కెం కుడి వైపు పెట్టు. ఎవరి నెత్తినైనా వాన పడుతుంది" అన్నాడు బావ. నాకు ఆ మనిషిని అక్కడే కొట్టాలనిపించింది, ఎర్మెక్‌ని కాదు, బావని.

"మనవాళ్లకి ఇప్పుడే చెప్పేద్దాం" అన్నాను. అక్క నా భుజం మీద చెయ్యి వేసింది. బయట మెట్ల మీద అవ్వ నడుం నొప్పి మరిచిపోయి పాడుతోంది, చుట్టూ చప్పట్లు కొడుతున్నారు. "ఏమని చెప్తావు? మీవల్లే పోయిందనా? పద" అంది అక్క.

వ్యానులో అందరం ఇరుక్కున్నాం, మమ్మల్ని ముగ్గుర్నీ బలవంతంగా ముందు సీట్లలో కూర్చోబెట్టారు. కొచ్‌కోర్ ఊరు దాటేదాకా నవ్వులే. మేక సంగతి మళ్లీ మళ్లీ చెప్పుకున్నారు. ఎర్మెక్ మొహం ఎట్లా పెట్టాడో ఒకాయన చేసి చూపించాడు. గుర్రప్పాల గిన్నె చేతులు మారుతూ బావ దగ్గరికొచ్చింది. తాగాడు. ఎవరో భుజం తట్టారు. నవ్వాడు కూడా. అక్క చేతికర్రని రెండు చేతులా పట్టుకుని రోడ్డుకేసి చూస్తూ కూర్చుంది.

దొలోన్ కనుమ ఎక్కుతుండగా అవ్వ ముందుకి వంగింది. "అయితే ఆ కాగితం ఎప్పుడొస్తాదిరా శార్షెన్?"

బావ కిటికీ వైపు తిరిగాడు. అందరూ నాకేసి చూశారు. కాగితాల సంగతి టీచరమ్మకే తెలుస్తుందిగా.

"ఆఫీసు పని కదవ్వా. టైం పడుతుంది" అన్నాను.

"ఎంత పడతాది? నాకు ఎనభై రెండేళ్లే."

పొద్దున అరగంటలో చెప్పలేకపోయినదాన్ని, ఇప్పుడేం చెప్పను? పద్నాలుగు మొహాలు, అన్నీ అలసిపోయి, అన్నీ సంతోషంగా.

"వస్తుందవ్వా" అన్నాను.

అవ్వ తృప్తిగా తలూపింది. దీవెనకి రెండు అరచేతులూ ముందుకి చాచింది. వ్యానులో మాటలు ఆగిపోయాయి. అందరూ అరచేతులు చాచారు.

"సాలీకా పేరు కాగితం మీదికెక్కాల. ఆ కాగితం వాళ్లింటి గోడకెక్కాల. అది నా కళ్లతో సూసి నేను పోవాల. ఓమీన్."

"ఓమీన్" అన్నారు అందరూ తథాస్తు అన్నట్టు, అరచేతులతో ముఖాలు తడుముకున్నారు. డ్రైవరు కూడా ఒక్క క్షణం స్టీరింగ్ వదిలి తడుముకున్నాడు. నేనూ, అక్కా తడుముకున్నాం. అందరి చేతులూ దిగాయి, మళ్లీ మాటలు మొదలయ్యాయి. బావ చేతులు మాత్రం ముఖం మీది నుంచి చాలాసేపు దిగలేదు.